కుడిచెవిలో మనిషి

గిరిసోల మీదుగా చేపల ఆడవాళ్ళని రోజూ బరంపురం తీసుకొచ్చే ఆటో అతను ఆమధ్య మా కొట్టుకి ఛార్జరు కోసం వచ్చాడు. వైరు చుట్టి జేబులో పెట్టుకుంటూ, “మీ బులుటూతు అప్ప పోనాది, తెల్సా?” అన్నాడు.

ఏ అప్ప అని నేను అడగలేదు. బరంపురంలో చేపలమ్మే వాళ్ళు వందమంది ఉంటారు. మెళ్ళో బ్లూటూత్ వేసుకుని చేపలమ్మింది నాకు తెలిసి ఒక్కర్తే.

“ఏమైంది?”

“జొరం. మూడ్రోజులు. నాలుగో రోజు ఆసుపత్రికి తోల్దామని ఆటో ఎట్టుకెల్నాను. అప్పటికే అయిపోనాది.”

పన్నెండు రోజులైందట. ఆ పన్నెండు రోజులూ ఆవిడ మా కొట్టు ముందు నుంచి వెళ్ళలేదన్న సంగతి నేను గమనించనేలేదు. ఆ మాట అతనితో అనలేదు. ఆవిడ పేరేమిటని అడిగాను. చెప్పాడు. ఆరేళ్ళు పేరు లేకుండానే తెలిసిన మనిషి కాబట్టి ఇక్కడ కూడా ఆ పేరు రాయడం లేదు.

మాది పెద్దబజారుకి దగ్గర్లో మూడు తరాల కొట్టు. మా తాత రేడియోలు అమ్మాడు. నాన్న టేప్‌రికార్డర్లు అమ్మాడు. నేను ఫోన్లకి తగిలించుకునే సామాను అమ్ముతాను. నాన్న ఇప్పటికీ పొద్దున్నే వచ్చి గుమ్మం పక్క కుర్చీలో కూచుంటాడు. మేం చేపలు తినం. చేపల గంప మా మెట్టు మీద దించకూడదన్నది తాత నాటి కట్టడి. ఆ సంగతి ఆ వీధిలో తిరిగే చేపల ఆడవాళ్ళందరికీ తెలుసు.

ఆవిడకీ తెలుసు. అందుకే మొదటిసారి వచ్చినప్పుడు ఖాళీ గంప ఎదురింటి అరుగు మీద బోర్లించి, మా మెట్టెక్కకుండా కిందనే నిలబడి అడిగింది.

“బాబూ, సేత్తో ముట్టుకోకుండా మాటాడీది ఉందా?”

యాభై దాటి ఉంటుంది అప్పటికే. బొడ్డు దగ్గర దోపుకున్న చీరకుచ్చెళ్ళు, ముంజేతులకి అంటుకుని ఎండిన పొలుసులు. ఫోను ఒక పాలిథిన్ కవరులో చుట్టి, వలతాడుతో మెళ్ళో వేళ్ళాడేసుకుంది. అది నాకు చూపించి, “ఒక సేతిలో కత్తి, ఒక సేతిలో సేప. ఇది మోగితే నానేటి సెయ్యాల? నోటితో ఎత్తాలా?” అంది.

నేను ముందు చిన్న ఇయర్‌బడ్స్ తీశాను. ఆ నెలలో అందరూ అవే అడుగుతున్నారు. ఆవిడ చేతులు ముందుకి చాపి, వెనక్కి తీసుకుని, కొంగుతో రెండుసార్లు తుడుచుకుని, అయినా ముట్టుకోకుండా “నువ్వే ఎట్టు” అని మొహం ఇటు తిప్పింది. ఎడమ చెవి నాకు దగ్గరగా ఉంది. అందులో పెట్టబోయాను. చటుక్కున తల తిప్పుకుంది.

“ఆ సెవిలో ఎట్టకు బాబూ, దండగ. అది మావోడు కొట్టిన సెవి. ఇనపడదు.”

ఎండకి నల్లబడిన చెయ్యి, ముల్లు గుచ్చుకున్న కాలు అన్నట్టే అంది. నాన్న పేపరు మీంచి తలెత్తి చూసి మళ్ళీ పేపర్లోకి దిగిపోయాడు. నేను కుడి చెవిలో పెట్టాను.

“ఎవరితో మాట్లాడ్డానికప్పా?” అన్నాను, ఏదో ఒకటి అనాలి కనక.

“మావోడితోనే” అంది.

తరవాత పరీక్ష మొదలైంది. ఆ పరీక్ష నేను ఇంకే కొనుగోలుదారు దగ్గరా చూడలేదు. ఎదురింటి అరుగు మీద గంప తీసుకుని, రోడ్డుపక్క కట్టడం పని జరుగుతూంటే అక్కణ్ణించి నాలుగు ఇటికలు అడిగి అందులో వేసి, గుడ్డచుట్ట నెత్తిన పెట్టుకుని, గంప ఎత్తుకుంది. వీధి మొగ వరకూ వెళ్ళి వచ్చింది. మా మెట్టు ముందు గంప దించి, చేప కోస్తున్నట్టు గొంతుక్కూచుని, వొంగి, తల విదిలించింది. ఇయర్‌బడ్ ఊడి ఇటికల మధ్యన పడింది.

“సూసినావా? ఇది ఏ సేప నోట్లోకో ఎల్తే, కొన్నోల్లు ఒండుకు తినీగల్రు.”

ఆఫీసుల్లో పెట్టుకునే రకం, తలమీంచి చెవుల దాకా వచ్చేది తీశాను. దాన్ని చూడగానే వద్దంది. గుడ్డచుట్ట ఉండే చోట అది ఉంటే గంప ఎక్కడ ఉంటుంది? ఒక్క చెవికే తగిలించుకునే పాతరకం ఒకటి ఉంది. అది నచ్చింది. ఎంతసేపు వస్తుందని అడిగింది. నాలుగైదు గంటలన్నాను. పొద్దున్న ఆరింటి నుంచి మధ్యాన్నం ఒంటిగంట దాకా ఎన్ని గంటలని వేళ్ళమీద చూసుకుని అదీ పక్కన పెట్టమంది.

చివరికి నెక్‌బ్యాండ్. మెడచుట్టూ ఉంటుంది, చెవిలోంచి ఊడినా గుండెలమీద వేళ్ళాడుతుంది, పొద్దున్నించి సాయంత్రం దాకా వస్తుంది. ఇటికల గంపతో మళ్ళీ వీధి మొగ దాకా వెళ్ళొచ్చింది. వొంగింది, విదిలించింది. ఊడలేదు. ఎడమ వైపు వేళ్ళాడే రెండోదాన్ని చూసి “దీన్ని కోసియ్యి” అంది. కోస్తే పాడైపోతుందన్నాను. జాకెట్టు లోపలికి దోపేసుకుంది.

“ఫోను ముట్టుకోకుండా ఎలగ సెయ్యాల మరి?”

మధ్య మీట రెండుసార్లు నొక్కితే ఆఖరిసారి మాట్లాడిన నంబరుకి అదే వెళ్తుందని చూపించాను. ఆ మాట ఆవిడకి చాలా నచ్చింది. నాచేత మూడుసార్లు చెప్పించుకుంది.

“ఆకరి నంబరుకేనా? తప్పదు కదా? అయితే దీంతో ఇంకెవుల్లికీ సెయ్యను.”

మాట మీద నిలబడింది. ఆ ఫోనులోంచి ఆవిడ ఇంకెవరికీ చెయ్యలేదు. చెన్నై వైపు బోట్లమీద పనిచేసే కొడుకులిద్దరూ వాళ్ళంతట వాళ్ళు చేస్తేనే మాట. అదీ రాత్రి ఇంటి దగ్గర మొగుడి ఫోనుకే. బేరం కూడా ఆడలేదు. రోజంతా బేరాలతో బతికే మనిషి, చెప్పింది ఇచ్చి, నెక్‌బ్యాండ్ వేసుకుని, వెళ్తానని కూడా అనకుండా గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. ఆ వెళ్ళడం ఎప్పుడూ అంతే. వచ్చినప్పుడు పలకరింపు లేదు, వెళ్ళేటప్పుడు సెలవు లేదు.

మొగుడికి అప్పటికి రెండేళ్ళ ముందు పక్షవాతం వచ్చింది. సముద్రం మీద ముప్పై ఏళ్ళు తిరిగిన మనిషి, వాళ్ళ ఊరు సోనేపూర్‌లో ఇంట్లో మంచానికి అతుక్కుపోయాడు. కుడికాలూ చెయ్యీ పోయాయి, మాట పోయింది. ఏదో అనేవాడు గాని ఏ అక్షరం ఏదో తెలిసేది కాదట. పెద్దాసుపత్రి డాక్టరు, ఈ మనిషిచేత రోజంతా మాట్లాడిస్తూ ఉండాలి, మాట్లాడించకపోతే ఇంక రాదు అన్నాడు. రోజంతా పక్కన కూచుంటే చేపలెవరమ్ముతారు? అదీ ఆవిడ చిక్కు.

కాబట్టి పొద్దున్న సోనేపూర్‌లో ఆటో ఎక్కుతూనే లైను కలిపేది. ఒంటిగంటకి ఆటో దిగి ఇంటి గుమ్మంలో అడుగు పెట్టే దాకా కట్ చేసేది కాదు. మధ్యలో దానంతటది తెగిపోతే మీట రెండుసార్లు నొక్కేది. అటు వైపు మొగుడి ఫోను వేలు తగలకుండానే ఎత్తుకునేలా నేనే తరవాత ఒకసారి పెట్టి ఇచ్చాను.

ఆ లైన్లో మాటలంటే చాలావరకు చేపల పేర్లు.

“కోనాం. సెప్పు, కోనాం.”

ఆగి వినేది.

“కోనాం అన్నాను, కూనం కాదు. మల్లీ సెప్పు.”

ఇది ఆవిడ ఎవరింటి గుమ్మంలోనో కూచుని, కోనాం చేపని ముక్కలు చేస్తూ, ఎదురుగా నిలబడ్డ ఇల్లాలి మొహంలోకి చూస్తూ అనేది. చూపు ఎక్కడో అక్కడ ఉండాలి కదా. మొదట్లో ఆ ఇల్లాళ్ళకి తెలీదు. “సెప్పు” అంటే తమనే ధర చెప్పమంటోందనుకుని చెప్పేవారు. “మల్లీ సెప్పు” అంటే, ఆ ధర చాలలేదు కాబోలని ఇంకో ఇరవై కలిపి చెప్పేవారు. ఒడియా వాళ్ళ వీధిలో ఒకావిడ ఇలా మూడుసార్లు పెంచి, “మావుసీ, ఇంక నావల్ల కాదు” అని తలుపేసుకోబోయిందట. ఇది నాకు ఆవిడే చెప్పింది.

“మరి నువ్వు చెప్పొద్దా, నిన్ను కాదమ్మా అని?”

“ఎందుకు సెప్తాను?” అంది. “నాను ఆల్లనేటీ అడగనేదు. ఆల్లే ఇచ్చినారు.”

ఇంకో చిక్కు తిట్లతో వచ్చింది. మొగుడు ఏదో నసిగేవాడు, ఈవిడ “నోరుముయ్, నీకేటి తెల్సు?” అనేది. ఒక రోజు అలా అన్నప్పుడు ఎదురుగా ఉన్నావిడ కాలేజీలో పాఠాలు చెప్పే మేడమ్. ఆవిడకి నలభై ఏళ్ళలో ఎవరూ ఆ మాట అని ఉండరు. ఈవిడ కత్తి కింద పెట్టి, “మిమ్మల్ని కాదమ్మా, ఇంటికాడ మనిసిని” అని చెవి చూపించింది. వారం తిరక్కుండా ఈ సంగతి వీధులన్నిటికీ తెలిసిపోయింది. తరవాత్తరవాత జనం అతన్ని కూడా బేరంలోకి లాగడం మొదలుపెట్టారు. “మీ ఆయన్నడుగు, ఇది ఈవేళ పట్టిందేనా?” అనేవారు. ఆవిడ అడిగేది, వినేది, వాళ్ళకి చెప్పేది. ఒకసారి మా పక్క కొట్టు గుమాస్తా, “మీ ఆయన నీ పక్షమే చెప్తాడు గదా” అంటే, “ఆడా? ఆడు సేపలోడు, అబద్దమాడడు. అమ్మీది నాను, నానాడతాను” అంది.

నెలకోసారి మా కొట్టుకి వచ్చేది. నెక్‌బ్యాండ్ ఛార్జింగు పెట్టే కన్నంలో ఉప్పు పట్టేది, పొలుసులు దూరేవి. నేను సూదితో గీకి, పాత బ్రష్షుతో తుడిచి ఇచ్చేవాణ్ణి. ఆ కాసేపూ ఆవిడ ఫోను స్పీకరు నొక్కి పైట చెరుగులో పట్టుకుని నిలబడేది. అలా ఆ మనిషి గొంతు నేను చాలాసార్లు విన్నాను. బరువైన సామాను నేల మీద ఈడుస్తున్నట్టుండేది. నాకేమీ అర్థమయ్యేది కాదు. ఆవిడకి అంతా అర్థమయ్యేది.

రెండేళ్ళకి మొదటిది పాడైంది. అప్పటికి కొత్త రకాలు వచ్చాయి. నేను గొప్పగా ఒకటి తీసి చూపించాను. చుట్టూ ఎంత గోల ఉన్నా, హారన్లు, గుడిగంటలు, అంతా ఆపేసి మన గొంతు ఒక్కటే అవతలికి పంపిస్తుంది. నిశ్శబ్దంగా గదిలో కూచుని మాట్లాడుతున్నట్టుంటుంది. ధర ఎక్కువే గాని పాత మనిషివి కనక తగ్గిస్తానన్నాను.

శ్రద్ధగా వింది. మెళ్ళో వేసుకుని, లైను కలిపి, వీధి మొగ దాకా వెళ్ళి నిలబడింది. అక్కడ ఎప్పుడూ ఆటోల రొద. తిరిగి వచ్చి తీసి బల్లమీద పెట్టేసింది.

“ఇది వొద్దు బాబూ.”

“ఏం? వినపడలేదా ఆయనకి?”

“నా గొంతే ఇనపడతంది అంతన్నాడు. ఇంకేటీ ఇనపడ్డంలేదంట. నా గొంతు ఆడికెందుకు, ముప్పై యేల్ల పై నుంచి ఇంతన్నాడు. ఈది ఇనపడకపోతే ఆడికి పొద్దెలగ పోద్ది?”

అప్పుడు తెలిసింది నాకు, రోజంతా వాళ్ళు మాట్లాడుకోరని. పాఠం ఒక గంట ఉంటుందేమో. మిగతా సమయమంతా ఆవిడ తన పని చేసుకుంటుంది, అతను మంచంమీద పడుకుని బరంపురం వింటాడు. నేను పాత రకమే వెతికి ఇచ్చాను. గోలంతా అవతలికి వినపడేది.

ఆ రోజే కాబోలు, కొట్లో ఎవరూ లేకపోతే అడిగాను. అడగకూడదని తెలుసు. చెవి సంగతి అప్పటికి రెండేళ్ళుగా నా మనసులో ఉంది.

“అప్పా, కొట్టేవాడు కదా నిన్ను. మరి ఇదంతా ఎందుకు చేస్తావు?”

కోపం రాలేదు. కొత్తదాన్ని మెళ్ళో సర్దుకుంటూ చెప్పింది.

“ముప్పై యేల్లు ఆడరిసినాడు, నానిన్నాను. ఇప్పుడు నానరుత్తాను, ఆడింతాడు. బాగుంది కదేటి?”

ఆ మాట అన్నప్పుడు లైను కలిపే ఉంది. అతను విన్నాడో లేదో తెలీదు. అతనికి వినపడాలనే ఆవిడకి ఉందో, పట్టింపు లేదో, అదీ తెలీదు. ఇది ప్రేమా, పగ తీర్చుకోవడమా అని నేను చాలాసార్లు అనుకున్నాను. మా ఆవిడనడిగితే, “ఏదో ఒకటే అయి ఉండాలా?” అంది.

దసరాలు వెళ్ళిన తరవాత ఒక రోజు, పన్నెండు కావస్తోంది. గంపలో ఇంకా కొన్ని చేపలున్నట్టున్నాయి, పైన ఐసు కరిగి నీళ్ళు కారుతున్నాయి. ఆవిడ మా కొట్టు ముందునుంచి వెళ్తూ వెళ్తూ ఆగిపోయింది. నేను ఏదో అనబోతే చెయ్యెత్తింది. ఆ చేత్తోనే గంప పట్టుకుని మా మెట్టు మీద దించింది. తాతనాటినుంచి ఎవరూ దించని మెట్టు.

“పడిపోనాడు” అంది నాతో, గొంతు బైటికి రానివ్వకుండా. తరవాత మామూలు గొంతుతో, “ఇదిగో. నానిక్కడే ఉన్నాను. ఎక్కడికీ ఎల్లనేదు. కదలకు. ఎలగ పడ్డావో అలగే ఉండు” అంది అతనితో.

నా చేతిలో ఫోను చూపించి తొందరగా వేళ్ళు ఆడించింది. నాకర్థమైంది. తన లైను కట్ చెయ్యకూడదు. సోనేపూర్‌లో వాళ్ళ పక్కింట్లో చిల్లర కొట్టు ఉంది. ఆ నంబరు ఆవిడకి నోటికి వచ్చు. చదువు రాదు, అంకెలు మాత్రం తెలుసు. ఒక్కో అంకె చెప్పి, మధ్యలో అతనితో మాట్లాడి, మళ్ళీ ఇంకో అంకె చెప్పింది.

“తొమ్మిది. రెండు. ఊపిరి తియ్యి. అలగే. నాలుగు. మల్లీ తియ్యి. నాలుగయినాక ఏడు. నెత్తురొత్తందా? కంట్లోకెల్తందా? తుడవకు, ఒగ్గీ. సున్నా.”

మొదటిసారి ఎవరూ ఎత్తలేదు. నేను ఆవిడకేసి చూశాను. మళ్ళీ చెయ్యి అన్నట్టు తలూపింది. రెండోసారి కొట్టు వాడి భార్య ఎత్తింది. నేను ఎవరో ఆవిడకి తెలీదు, బరంపురం నుంచి ఎవడో చేసి పక్కింట్లోకి పరిగెత్తమంటే ఎవరు పరిగెడతారు? రెండు నిమిషాలు వివరించాను. ఒడియాలో చెప్పాను, తెలుగులో చెప్పాను. ఫోను కింద పెట్టేసి వెళ్ళినట్టుంది, ఏమీ వినపడ్డంలేదు.

ఇక్కడ నాకు వినపడింది ఏమీ లేదు. మా వీధి చప్పుళ్ళు, మెట్టుమీద గంపలోంచి నీటి చుక్కలు. ఆవిడ మెట్టుకి ఆనుకుని నిలబడి కుడిచెవి మీద వేలు పెట్టి నొక్కుకుంది. నేను ఆ మొహం చూస్తూ నిలబడ్డాను. సోనేపూర్‌లో జరుగుతున్నదంతా ఆ మొహం మీదే చూడాలి. నాన్న కూడా కుర్చీలోంచి లేచాడు.

“మాటాడు” అంది అతనితో. “ఏదో ఒకటి. కవల్లు అను. నెత్తల్లు అను. అమ్మనాబూతులు తిట్టు, పరవానేదు.”

కళ్ళు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి గాని ఏమీ అనడం లేదు. ఎంతసేపో నాకు తెలీదు. ఒక ఆటో హారను కొడుతూ వెళ్తే మా నాన్న రోడ్డు మీదికి దిగి ఆ ఆటోవాణ్ణి కసిరాడు. ఆ ఆటోవాడు బేరం ఉందనుకుని ఆగాడు.

తరవాత ఆవిడ భుజాలు దిగాయి.

“తలుపు తీసినారు” అంది.

మరో నిమిషానికి నా ఫోనులో కొట్టువాడి భార్య, మంచి నీళ్ళకోసం వొంగి మంచంమీంచి జారాడని, కనుబొమ దగ్గర చీరుకుందని, మనిషి బాగానే ఉన్నాడని చెప్పింది. అదంతా ఆవిడకి ముందే తెలిసిపోయింది. మెట్టు మీద కూచుని నీళ్ళడిగింది. నాన్న లోపలికి వెళ్ళి తన గ్లాసుతోనే తెచ్చి ఇచ్చాడు. గ్లాసెత్తి పోసుకుని తాగి, లైను కట్ చెయ్యకుండానే, “బాబూ, సార్జింగు ఎంతుందో సూడు” అంది. పది ఉంది. కొట్లోంచి ఒక పవర్‌బ్యాంక్ తీసి ఫోనుకి తగిలించి ఇచ్చాను. ఆగిన ఆటోలో నాన్న ఆవిణ్ణి కూచోబెట్టాడు.

సాయంత్రం మెట్టుమీద నాన్నే స్వయంగా రెండు బకెట్ల నీళ్ళు పోసి కడిగాడు. మర్నాడు ఆవిడ పవర్‌బ్యాంక్‌ని ఉతికిన గుడ్డలో చుట్టి తెచ్చి ఇచ్చింది. మెట్టెక్కలేదు, మునుపటిలాగే కింద నిలబడింది. నాన్న పేపరు దించకుండానే, “మనిషికెలా ఉంది?” అని అడిగాడు. “నాలుగు కుట్లేసినారు. అరుత్తన్నాడు” అంది. గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది.

అంతే. ఆ తరవాత చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. అతనికి మాట కొద్దికొద్దిగా తిరిగిందని అనుకునేవారు. మూడో నెక్‌బ్యాండ్ కొంది. మళ్ళీ నాలుగు ఇటికలు, మళ్ళీ వీధి మొగ. ఆ తరవాత ఆటో అతను వచ్చి చెప్పిన మాట.

ఆ ఆదివారం సోనేపూర్ వెళ్ళాను. పరామర్శకి అని ఇంట్లో చెప్పాను. నిజానికి ఆ మనిషిని చూడాలనిపించింది. భార్య చెవి పోయేలా కొట్టిన మనిషి ఎలా ఉంటాడో అన్న కుతూహలం కూడా కొంత ఉంది, దాచడం ఎందుకు.

చిన్నగా ఉన్నాడు. అంత గొంతుకి అంత చిన్న మనిషిని నేను ఊహించలేదు. కిటికీ పక్క మంచం, కిటికీ ఊచకి వలతాడుతో అల్లిన చిన్న సంచి, అందులో ఫోను. చిన్న కొడుకు తల్లి కర్మలకని వచ్చి ఇంకా ఉన్నాడు గాని ఆ వేళ ఇంట్లో లేడు. కూడా వచ్చిన కోడలు ఉంది. గుమ్మంలో చెప్పులు విప్పుతూ, ఫలానా కొట్టునుంచి వచ్చానని ఆ అమ్మాయికి చెప్తున్నాను. నా మాట ఇంకా పూర్తవలేదు.

“సాపు బాబు” అన్నాడు లోపల్నించి.

ఆరేళ్ళుగా నన్ను వింటున్నాడు. కూచోమన్నట్టు ఎడమచెయ్యి ఊపాడు. భార్య మాట ఎత్తకుండానే, నాన్నగారి దగ్గు తగ్గిందా అని అడిగాడు. మాట సగం అతని నోట్లోంచి వస్తే, సగం కోడలు అందుకునేది. తగ్గిందన్నాను. మూడో వీధిలో కుక్క ఒకటి ఉండేది, గంప దింపగానే ఏడ్చేది, ఉందా అన్నాడు. ఉందన్నాను. వాటర్‌ట్యాంకు దగ్గర రోడ్డు తవ్వుతూ ఉండాలి, పూడ్చారా? ఇంకా లేదు. కాలేజీ మేడమ్ మేడమీద పిల్ల పాట నేర్చుకునేది, ఒక్క ముక్కే పదిసార్లు పాడేది, వచ్చిందా? నాకు తెలీదన్నాను. నేను పుట్టి పెరిగిన ఊరు గురించి అతనడిగిన వాటిలో సగం నాకు తెలీదు.

కోడలు టీ తెచ్చింది. తాగుతూండగా అతను చాలాసేపు ఏదో కూడబలుక్కున్నాడు. కోడలు వొంగి వింది, రెండుసార్లు అడిగింది, నావైపు తిరిగి కొంచెం మొహమాటంగా చెప్పింది.

“అత్త ఎలగ నడిసీదని అడుగుతన్నాడు. బరంపురం ఈదుల్లో, గంపతోటి. బాగున్నన్నాల్లూ తను సముద్రం మీదే ఉండీవోడు. పడినాక మంచం. సూడనేదంట. నువ్వు సూసుంటావు, సెప్పమంతన్నాడు.”

టీ గ్లాసు కిందపెట్టాను. అతని ఎడమచెయ్యి దుప్పటి మీద ఉంది. కుడిచెయ్యి పోయింది కాబట్టి, కొట్టిన చెయ్యి ఇదయి ఉండదు. ఈ మనిషికి నేనెందుకు చెప్పాలి అనిపించింది. చెప్పకపోతే ఇంకెవరికి చెప్తాను అనికూడా అనిపించింది.

చెప్పాను. రోడ్డు అంచున నడిచేది కాదు, మధ్యన నడిచేది, మోటార్‌సైకిళ్ళే తప్పుకునేవి. గంప మీద చెయ్యి వేసేది కాదు. రెండు చేతులూ వదిలేసి, మోచేతుల దగ్గర కొంచెం ఎడంగా ఊపుకుంటూ నడిచేది. తల కదిలేది కాదు, కళ్ళు తిరిగేవి. మలుపు దగ్గర మెడ తిప్పకుండా మనిషి మొత్తం ఒక్కసారే తిరిగేది. పడవ తిరిగినట్టా అని కోడలు అడిగింది, అవును అలాగే అన్నాను. నీళ్ళు నిలిచిన చోట కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టి, అడుగు మాత్రం తగ్గించేది కాదు. నవ్వు వచ్చినప్పుడు కూడా గంప కదిలేది కాదు, భుజాలొక్కటే కదిలేవి.

“నవ్వీదా?” అన్నాడు.

ఆ మాట తేటగా వచ్చింది. కోడలు అందుకోనక్కర్లేకపోయింది.

“నవ్వేది” అన్నాను. “చప్పుడు చేసేది కాదు. మీరేదో అనేవారు కాబోలు, నడుస్తూ నడుస్తూ భుజాలు ఊగేవి. నేను చాలాసార్లు చూశాను.”

కిటికీకేసి తిరిగాడు. లేవాలా, కూచోవాలా తెలియక నేను ఖాళీ గ్లాసు చేత్తో పట్టుకున్నాను. అప్పుడు ఇటు తిరగకుండానే అడిగాడు.

“ఏ ఈదిలో?”